బెంథామ్–హుకరా, ఏపీజీయా: చెట్టుకు ఏ కుటుంబం పేరు రాయాలి?

హుద్‌హుద్ తుపాను తరువాత మా కాలనీ పార్కులో నాటిన మొక్కలు ఇప్పుడు నీడనిచ్చే చెట్లయ్యాయి. వాటికి పేర్ల బోర్డులు పెట్టాలని ఈ మధ్య సంఘం వాళ్లు తీర్మానించారు. ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినవాడు పక్క వీధిలోనే ఉండగా ఇంకొకరిని అడగడమెందుకని ఆ పని నాకు అప్పగించారు. మొదటి వరుసలో తెలుగు పేరు, రెండో వరుసలో శాస్త్రీయ నామం. ఒక్క పూటలో ముగించాను. మూడో వరుసలో కుటుంబం రాయాలి. అక్కడ వారం రోజులు ఆగిపోయాను.

పాత విద్యార్థులు నన్ను పదేపదే అడిగే ప్రశ్న కూడా ఇదే. "మాస్టారూ, టేకు వెర్బినేసియా, లామియేసియా? ఒక పుస్తకంలో ఒకటి, ఇంకో పుస్తకంలో ఇంకొకటి ఉంది" అంటారు. మొదటిది బెంథామ్–హుకర్ అనే పాత వర్గీకరణ పద్ధతి చెప్పేది, రెండోది జన్యువులను చూసి చేసిన ఏపీజీ అనే కొత్త పద్ధతి చెప్పేది. పరీక్ష రాసేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: సిలబస్‌లో ఏ పద్ధతి ఉంటే అది రాసి మార్కులు తెచ్చుకోండి. ఆ బెడద లేనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

బెంథామ్, హుకర్ అనే ఇద్దరు బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞులు లండన్ దగ్గరి క్యూ తోటలో కూర్చుని 1862 నుంచి 1883 వరకు మూడు సంపుటాల గ్రంథం రాశారు. విత్తనాల మొక్కలను 202 కుటుంబాలుగా విడదీశారు. వాళ్ల గొప్పతనం ఏమిటంటే, ఇతరుల వర్ణనల మీద ఆధారపడకుండా వీలైనంత వరకు మొక్కల నమూనాలను తామే చూసి రాశారు. అందుకే ఆ పద్ధతి చేతికి అందుతుంది. ఒక పువ్వు, ఒక బ్లేడు, ఒక భూతద్దం ఉంటే చాలు. రేకులు విడిగా ఉన్నాయా కలిసి ఉన్నాయా, అండాశయం పైన ఉందా కింద ఉందా అని చూసుకుంటూ పోతే గంటలో కుటుంబం తేలుతుంది. విశాఖ ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి మన కొండల మొక్కలకు ఆధారం గాంబుల్ అనే ఆయన 1915లో మొదలుపెట్టిన ఫ్లోరా, అంటే ఒక ప్రాంతపు మొక్కలను వర్ణించే పుస్తకం. అదీ ఈ వరుసలోనే ఉంది. కంబాలకొండకు వెళ్లేటప్పుడు నా సంచిలో ఇప్పటికీ ఉండేది అదే.

అయితే హుకర్ డార్విన్‌కు ఆప్తమిత్రుడు. డార్విన్ గ్రంథం వచ్చింది 1859లో. అయినా ఈ వర్గీకరణలో పరిణామం జాడ దాదాపుగా లేదు. చూడడానికి ఒకేలా ఉన్నవాటిని ఒక చోట చేర్చారు, అంతే. విత్తనాలు కాయలో దాగని వివృతబీజాలను తీసుకెళ్లి ద్విదళబీజాలకు, ఏకదళబీజాలకు నడుమ ఇరికించడం ఆ లోపానికి అందరూ చెప్పే ఉదాహరణ. దాన్ని నేనంత పెద్దగా పట్టించుకోను. పుస్తకంలో ఎక్కడో ఒక చోట పెట్టాలి కదా.

నా లెక్కలో తేల్చే విషయం వేరే ఉంది. కుటుంబం పేరు చెప్పగానే, ఆ మొక్కలో నేనింకా చూడని సంగతి ఒకటి ముందే ఊహించగలగాలి. అది కుదరకపోతే ఆ పేరు సామాను సర్దుకునే అలమర మాత్రమే.

మొన్న రైతుబజారులో బొప్పాయి కొన్నాను. కోసి, గింజలు పారేయకుండా నాలుగు నోట్లో వేసుకుని నమిలాను. మీరూ ఒకసారి నమిలి చూడండి. ముందు చేదు, ఆ వెంటనే ముక్కు దాకా ఎక్కే ఘాటు. అది మిరియాల ఘాటు కాదు, ఆవ ఘాటు. (ఎండిన ఈ గింజలను మిరియాల్లో కల్తీ చేసేవాళ్లున్నారు, అది వేరే కథ.) తాలింపులో చిటపటలాడే ఆవాలకు ఆ ఘాటు ఉండదు. ఆవపెట్టిన కూరకు, ఆవకాయకు ఉంటుంది. నూరినప్పుడే గింజలోని గ్లూకోసినొలేట్ అనే పదార్థం దాని పక్కనే విడిగా ఉన్న ఎంజైముతో కలిసి ఘాటైన నూనెగా మారుతుంది. బొప్పాయి గింజను పళ్ల మధ్య నలిపినప్పుడు జరిగేదీ అదే. మునగ వేరు నలిపి వాసన చూసినా అదే.

ఇప్పుడు బెంథామ్–హుకర్ తెరవండి. బొప్పాయి రాఖీపువ్వు కుటుంబంలో ఉంటుంది, రెండింటిలోనూ గింజలు కాయ లోపలి గోడకే అంటుకుని ఉంటాయి మరి. మునగ ఎక్కడో మామిడి కుటుంబం తరువాత వస్తుంది. ఆవ ఇంకో చోట. ముగ్గురు అన్నదమ్ములు మూడు ఊళ్లలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా.

ఏపీజీ అంటే ఆంజియోస్పెర్మ్ ఫైలోజెనీ గ్రూప్, పూలమొక్కల వంశవృక్షాన్ని తేల్చే శాస్త్రవేత్తల బృందం. 1993లో హరితరేణువులోని ఒక జన్యువును దాదాపు 500 మొక్కల్లో పోల్చి చూసిన పరిశోధన దీనికి దారి వేసింది. 1998లో మొదటి వర్గీకరణ, 2016లో నాలుగోది వచ్చాయి. ఇందులో ఆవ, మునగ, బొప్పాయి మూడూ బ్రాసికేలిస్ అనే ఒకే క్రమంలో (దగ్గరి కుటుంబాలను కలిపిన గుంపులో) ఉన్నాయి. జన్యువును చూసి గీసిన వంశవృక్షానికి మన నాలుక సాక్ష్యం చెబుతోంది. ఇంతకంటే ఏం కావాలి?

ఇది ఒక్కటే కాదు. మా మేడ మీద రెండు తొట్లున్నాయి, ఒకదాంట్లో తామర, ఒకదాంట్లో కలువ. పాత పద్ధతిలో రెండూ నింఫియేసి కుటుంబమే. మన కవులు మాత్రం ఈ రెండింటినీ ఎప్పుడూ కలపలేదు. తామరను సూర్యుడికి, కలువను చంద్రుడికి ఇచ్చారు. ఆకు చూస్తే చాలు, కలువాకుకు కాడ దాకా చీలిక ఉండి నీటి మీద పరుచుకుంటుంది. తామరాకుకు చీలిక ఉండదు, కాడ నడిమధ్యన అతుక్కుంటుంది, పెరిగిన ఆకు నీటికి పైన నిలబడుతుంది. పుప్పొడిని మైక్రోస్కోపు కింద పెడితే తామర రేణువుకు మూడు చాళ్లు కనిపిస్తాయి, మామిడిలాగా. కలువలో ఆ మూడు చాళ్లు ఉండవు. ఏపీజీ తామరను తీసి ప్రోటియేలిస్ క్రమంలో పెట్టింది. ఆ క్రమంలో దానికి చుట్టం ఎవరో తెలుసా? అరకులో కాఫీ తోటలకు నీడ కోసం పెంచి, మిరియాల తీగ పాకిస్తారే, ఆ సిల్వర్ ఓక్. మొదటిసారి చదివినప్పుడు నేనూ నమ్మలేదు.

లిలియేసి గురించి ఒక్క మాట. ఇంటర్ పాఠంలో ఏళ్ల తరబడి చెప్పిన కుటుంబం అది. వంటింటి ఉల్లి, కలబంద, శతావరి, ప్రాణాలు తీసే అడవినాభి అన్నీ అందులోనే. ఇప్పుడు నాలుగూ నాలుగు కుటుంబాలు. అడవినాభి వెళ్లి కోల్చికేసిలో పడింది. గౌట్ అనే కీళ్ల జబ్బుకు వాడే కోల్చిసిన్ అనే మందు, అదే మోతాదు మించితే విషం, ఆ కుటుంబం ఆస్తి. పేరులోనే హెచ్చరిక ఉంది. "లిలియేసి" అన్న పేరులో ఆ హెచ్చరిక ఎక్కడుంది?

ఏపీజీకి తప్పులు లేవని కాదు. 1998లో వచ్చినదాన్ని 2003, 2009, 2016లో మూడు సార్లు మార్చారు. కుటుంబాలు 462 నుంచి 416 అయ్యాయి. బోర్డు రంగు వెలిసేలోపు పేరు మారిపోతే ఎలా అని సంఘం కోశాధికారి అడిగారు, న్యాయమైన ప్రశ్నే. పైగా కొన్ని గుంపులను కంటితో చూసి పట్టుకోవడం అసాధ్యం. ఆవ ఘాటు సూత్రానికి కూడా ఒక మినహాయింపు ఉంది: పుత్రజీవి కుటుంబంలోనూ గ్లూకోసినొలేట్లు ఉన్నాయి, కానీ దానికీ ఆవకూ దగ్గరి బంధుత్వం లేదు. విడిగా సంపాదించుకుంది. నాలుకను కూడా మరీ గుడ్డిగా నమ్మకూడదు. ఇక పాతవాళ్లకు దక్కాల్సిన మెచ్చుకోలు ఒకటుంది: బూరుగును మందార కుటుంబంలోనే ఉంచారు. తరువాతివాళ్లు విడదీశారు, ఏపీజీ మళ్లీ మందార దగ్గరికే తెచ్చింది.

మిగతా శాస్త్రవేత్తల పద్ధతులా? ఎంగ్లర్ సరళమైన పువ్వే ప్రాచీనమనుకుని, మన బీచ్ పక్కన ఉండే సరుగుడును ద్విదళబీజాలకు మొదట్లో పెట్టాడు. ఆ పువ్వు సరళంగా పుట్టలేదు, కుంచించుకుపోయి సరళమైంది. హచిన్సన్ చెట్లనూ గుల్మాలనూ రెండు పాయలుగా చీల్చాడు, దాంతో టేకు ఒక ఒడ్డున, తులసి ఒక ఒడ్డున పడ్డాయి. క్రాంక్విస్ట్ పద్ధతి చదవడానికి బాగానే ఉంటుంది.

చివరికి బోర్డుల మీద ఏపీజీ కుటుంబాలే రాయించాను. వేప, మామిడి, తాటి లాంటి చాలావాటికి ఎటూ తేడా రాలేదు. జిల్లేడు నందివర్ధనం కుటుంబంలో చేరింది, రెండింటికీ పాలు కారతాయి కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. మొక్కను గుర్తుపట్టడానికి మాత్రం గాంబుల్‌నే వాడాను, ఇకముందూ వాడతాను.

బోర్డులు రాసే అతను నిన్న ఫోన్ చేశాడు. "సార్, టేకు బోర్డులోనూ, తులసికోట పక్క బోర్డులోనూ కింద ఒకటే పేరు ఉంది, లామియేసి అని. మీరు రాసిచ్చిన కాగితంలో పొరపాటు పడినట్టుంది. ఏది మార్చమంటారు?"

ఏదీ మార్చవద్దన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. "అంత పెద్ద చెట్టా సార్?" అన్నాడు.