‘ఒరిజినల్ స్టేజీ పద్యాలు’ పెన్‌డ్రైవ్‌లతో జాగ్రత్త: డబ్బు కట్టేముందు నాలుగో పాదం వినండి

పౌరాణిక నాటక పద్యాలంటే చెవి కోసుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. ‘పాత నాటక పద్యాలు, ఒరిజినల్ స్టేజీ రికార్డింగ్’ అంటూ పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు ఆన్‌లైన్‌లోనూ తిరునాళ్లలోనూ అమ్ముతున్నారు. కవరు మీద కిరీటం, పింఛం పెట్టుకున్న రంగస్థల కృష్ణుడి బొమ్మ ఉంటుంది. ఇంటికి తెచ్చి పెడితే సగానికి పైగా సినిమా పద్యాలే వస్తున్నాయి. మిగిలినవాటిలో కొన్ని ఈమధ్య స్టూడియోలో కీబోర్డు పెట్టి పాడించినవి. అమ్మేవాళ్ల పేర్లు రాయడం లేదు. ఒక పేరు మూతపడితే అదే సరుకు ఇంకో పేరుతో వస్తుంది కాబట్టి సరుకును గుర్తుపట్టడం నేర్చుకోవడమే మేలు.

సినిమా పద్యం తక్కువదని ఎవరూ అనుకోవద్దు. 1967లో వచ్చిన ‘శ్రీకృష్ణావతారం’లో తిరుపతి వేంకటకవుల రాయబారం పద్యాలను ఘంటసాల పాడిన తీరు వల్లే ఆ పద్యాలు నాటకం ఎరగని ఇళ్లలోకి కూడా వెళ్లాయి. మాట విరగదు, అర్థం చెదరదు, సమాసం ఎక్కడ విడదీయాలో అక్కడే విడుతుంది. కానీ అది వేరే కళ. స్టేజీ పద్యం కోసం డబ్బు పెట్టినవాడికి సినిమా పద్యం అంటగడితే అది మోసమే.

తేడా ఎక్కడుందో ఒక్క పద్యం పట్టుకుని చూద్దాం. రాయబారంలో కృష్ణుడు దుర్యోధనుడితో చెప్పే ‘జెండాపై కపిరాజు’ పద్యం శార్దూల వృత్తంలో ఉంది. పాదానికి 19 అక్షరాలు, నాలుగు పాదాలకు 76. మామూలుగా చదివితే అర నిమిషం కూడా పట్టదు. సినిమాలో పాడినప్పుడు రాగం పద్యానికి లోబడి ఉంటుంది. పాదం చివర చిన్న విరుపు, వెనక తంబూరా, వయొలిన్లు, ఆఖర్న ఒక తీర్మానం (ముగింపు విరుపు), వెంటనే కెమెరా దుర్యోధనుడి ముఖం మీదికి పోవాలి. స్టేజీ మీద అదే పద్యం మూడు నాలుగు నిమిషాలు, కొందరి దగ్గర అంతకు మించి కూడా నడుస్తుంది. ముందు హార్మోనిస్టు రాగం ఎత్తి ఇస్తాడు, నటుడు దాన్ని అందుకుంటాడు. మొదటి మూడు పాదాలు చకచకా సాగినా, నాలుగో పాదంలో ‘కురుక్ష్మానాథ సంధింపగన్’ దగ్గరికి వచ్చేసరికి అసలు పని మొదలవుతుంది. ఆ ఆఖరి మాట మీద నిలబడి రాగాలాపన చేస్తాడు. పై షడ్జం దాకా వెళ్లి, హార్మోనియంతో పోటీపడి, దిగి, మళ్లీ ఎక్కి, చప్పట్లు పడ్డాకే వదులుతాడు. కాబట్టి శాంపిల్ అడిగేటప్పుడు పద్యం ఎత్తుగడ వినిపించమని అడగవద్దు, ఆఖరి నిమిషం అడగండి. ఎత్తుగడ ఎవరు పాడినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. స్టేజీదా సినిమాదా అన్న గుట్టు నాలుగో పాదంలోనే బయటపడుతుంది.

మార్కెట్లో తిరుగుతున్నది నాలుగు రకాల సరుకు.

సినిమా సౌండ్‌ట్రాక్ నుంచి కోసినవి ఒక రకం. వీటిని పట్టుకోవడం తేలిక. పద్యానికి ముందో వెనకో సంభాషణ ముక్క ఉంటుంది, లేదా నేపథ్య సంగీతం మధ్యలో పుటుక్కున తెగుతుంది.

రెండోది గ్రామఫోను రికార్డుల నుంచి ఎక్కించినవి. పాడింది నిజమైన రంగస్థల నటులే, కానీ స్టేజీ మీద కాదు. 10 అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకే పడుతుంది. అందుకని నటులు ఆలాపన కుదించుకుని, కొన్నిచోట్ల రెండు పద్యాలు ఒకే వైపు ఇరికించి పాడేవారు. వీటికి చారిత్రకంగా గొప్ప విలువ ఉంది. అయితే ‘స్టేజీ రికార్డింగ్’ అని కాకుండా ‘గ్రామఫోను రికార్డులు’ అని చెప్పి అమ్మాలి. సూది గీసుకునే చప్పుడు, మూడు నిమిషాల దగ్గర ఠక్కున ఆగడం వీటి గుర్తులు. తిప్పేటప్పుడు వేగం సరిచూడకపోతే శ్రుతి పెరిగి నటుడి గొంతు కుర్రవాడి గొంతులా సన్నబడుతుంది. అలాంటిది శాంపిల్‌లో వినిపిస్తే వదిలేయండి, పెన్‌డ్రైవ్ మొత్తం అలాగే ఉంటుంది.

మూడోది కొత్త స్టూడియో రికార్డింగ్. కవరు మీద పాతతరం నటుడి ఫొటో, లోపల వేరే గొంతు. కీబోర్డు వినిపించింది కదా అని మాత్రం తొందరపడి నకిలీ అనేయకండి. ఇప్పుడు చాలా నాటక సమాజాలు స్టేజీ మీద కూడా కీబోర్డే వాడుతున్నాయి. గొంతు వెనక సమంగా, మొదటి నుంచి చివరిదాకా ఒకే మోతాదులో ఎకో ఉందా అని చూడండి. మైకు ముందు కదలకుండా నిలబడి పాడినదైతే అలా వస్తుంది.

నాలుగోది అసలైన స్టేజీ రికార్డింగ్. ఇది అంత శుభ్రంగా ఉండదు. నటుడు నడుస్తుంటే గొంతు మైకుకు దగ్గరై దూరమవుతుంది. హార్మోనియం ఒక్కోసారి పద్యాన్ని మింగేస్తుంది. జనం ఈలలు, ‘వన్స్ మోర్’ కేకలు, ముందు వరసలో పిల్లల ఏడుపు అన్నీ ఉంటాయి. కొందరు కొనుక్కున్నాక ఇవన్నీ లోపాలనుకుని నిజమైన సరుకునే వెనక్కి పంపేస్తున్నారు! అది చూస్తే బాధేస్తుంది. వన్స్ మోర్ పడితే అదే పద్యం మళ్లీ వస్తుంది, అది డూప్లికేట్ కాదు. కురుక్షేత్రం నాటకంలో మధ్యలో కృష్ణుడి గొంతు మారిపోతే అదీ అతుకు కాదు. పడక సీనుకు (నిద్రలో ఉన్న కృష్ణుడి దగ్గరికి దుర్యోధనుడు, అర్జునుడు వచ్చే ఘట్టం) ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొకరు, యుద్ధం సీనుకు మరొకరు కట్టడం, కంట్రాక్టరు వేర్వేరు నటులను కుదిర్చి ఆడించే కంట్రాక్టు నాటకాల్లో మామూలే. పడక సీనులో ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ పాడిన గొంతు, సభలో ‘చెల్లియో చెల్లకో’ పాడిన గొంతు వేరువేరుగా ఉంటే అది స్టేజీ నాటకం అనడానికి మంచి సాక్ష్యం. సినిమాలో అలా జరగదు.

ఇక ఫైళ్ల సంగతి. ‘పూర్తి నాటకం’ అని రాసి ఉంటే సైజు అడగండి. 128 కేబీపీఎస్ (ఫైలు నాణ్యతను చెప్పే కొలత) ఎంపీ3 నిమిషానికి సుమారు ఒక ఎంబీ తీసుకుంటుంది. మూడు గంటల నాటకం దగ్గరదగ్గర 170 ఎంబీ ఉండాలి. 64 కేబీపీఎస్‌లో ఎక్కిస్తే అందులో సగం. 128లో ఎక్కించామని చెప్పి 55 ఎంబీ చూపిస్తే అది గంటలోపు సరుకు, అంటే గంట నిడివి సి-60 క్యాసెట్ ఒకటి ఎక్కించి నాటకం పేరు పెట్టారన్నమాట. ‘320 కేబీపీఎస్ హై క్వాలిటీ’ అని ఎక్కువ ధర చెబితే ఇవ్వకండి. పాత క్యాసెట్లలో, 78 రికార్డుల్లో పై పౌనఃపున్యాలు (సన్నని, పదునైన ధ్వనులు) మొదట్నుంచీ తక్కువే. 128 ఫైలును 320గా మార్చినంత మాత్రాన పోయింది తిరిగి రాదు, సైజు పెరుగుతుందంతే.

పెన్‌డ్రైవ్ చేతికి రాగానే చేయాల్సిన పని: అన్ని ఫైళ్లూ కంప్యూటర్లోకి కాపీ చేయండి. వినడం తర్వాత చూసుకోవచ్చు. 32 జీబీ అని చూపిస్తూ లోపల చిన్న చిప్ పెట్టిన నకిలీ పెన్‌డ్రైవ్‌లు ఉన్నాయి. వాటిలో పేర్లన్నీ కనిపిస్తాయి, మొదటి కొన్ని పాడతాయి, ఒక హద్దు దాటాక ఏదీ తెరుచుకోదు. కాపీ మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగితే దాన్ని అక్కడే ఫొటో తీసుకోండి. కాపీ అయ్యాక ఫైళ్లను సైజు ప్రకారం వరస పెట్టండి. ఒకే ఫైలు ‘రాయబారం పద్యం’, ‘కృష్ణుడి పద్యం’, ‘పాండవోద్యోగం’ అని మూడు పేర్లతో ఉంటే పక్కపక్కన ఒకే సైజుతో దొరికిపోతుంది. వందల పద్యాలని ప్రకటించే జాబితాలు ఎక్కువగా ఇలాగే పెరుగుతాయి.

పేర్లనూ నమ్మవద్దు. హరిశ్చంద్ర కాటి సీను పద్యాలన్నిటికీ ‘రచన: బలిజేపల్లి’ అని వేస్తున్నారు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదే, కానీ అందులో జనం కంటతడి పెట్టే శ్మశాన పద్యాలు గుర్రం జాషువావి, నటులు తెచ్చి నాటకంలో కలుపుకున్నవి. ఆ సంగతి తెలియకుండా ఫోల్డరు తయారుచేసినవాడు గాయకుడి పేరు మాత్రం సరిగ్గా వేసి ఉంటాడా? అలాగే తులాభారం. ముత్తరాజు సుబ్బారావు గారి నాటకంలో సత్యభామగా స్థానం నరసింహారావు గారు స్టేజీ మీద అజరామరం చేసిన ‘మీరజాలగలడా’ను 1966 సినిమాలో పి. సుశీల పాడారు. స్థానం వారు పురుషుడు, ఆడ వేషం కట్టి తన గొంతుతోనే పాడుకున్నారు. ఆయన పేరు పెట్టిన ఫైల్లో నిండు ఆర్కెస్ట్రాతో ఆడ గొంతు వినిపిస్తే అది ఏమిటో ఇక చెప్పనక్కర్లేదు.

వీడియోల్లో ఎక్కువ దెబ్బ ‘సురభి మాయాబజార్’ దగ్గర తగులుతోంది. సురభి నాటక సమాజం వారి నాటకం వేరు, 1957 సినిమా వేరు. ప్లే చేసిన మొదటి నిమిషంలోనే తెలిసిపోయేదాన్ని కవరు చూసి కొని పోగొట్టుకోవద్దు. ఘటోత్కచుడి మాయలు తెర మీద కాక కళ్లెదుట ఎలా కట్టారో చూడాలనే కదా సురభి వీడియో కోసం వెతికేది.

డబ్బు విషయంలో మూడు మాటలు. సరుకు రాకముందే యూపీఐలో నేరుగా పంపేస్తే వెనక్కి రాబట్టడం చాలా కష్టం. ఓపెన్ బాక్స్ డెలివరీ (తెచ్చినవాడి ముందే పార్సిల్ విప్పి చూసుకునే పద్ధతి) ఉన్నచోట అదే తీసుకోండి. ‘స్టేజీ రికార్డింగ్’ అన్న వాక్యం కనిపించేలా అమ్మకపు పేజీని ముందే స్క్రీన్‌షాట్ తీసి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. వర్ణనకు తగ్గట్టు లేని సరుకును వెనక్కి తీసుకోనని విక్రేత అనడానికి 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు ఒప్పుకోవు. అమ్మకం జరిగిన వెబ్‌సైటు గ్రీవెన్స్ ఆఫీసరు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఫిర్యాదులో ‘క్వాలిటీ బాగాలేదు’ అని రాస్తే వాదన బలహీనపడుతుంది. ‘రంగస్థల రికార్డింగ్ అని ప్రకటించి ఫలానా సినిమాలోని పద్యం ఇచ్చారు’ అని ఫైలు పేరు, సినిమా పేరు, సంవత్సరం వేసి రాయండి.