లాంగ్ హుడ్ ట్రక్కు కొంటున్నారా? సంతకానికి ముందు తూకం వేయించండి

అమెరికాలో సొంత ట్రక్కు కొనుక్కుని నడుపుకోవాలని చూస్తున్న మన తెలుగు అన్నదమ్ములకి ఈ మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ముఖ్యంగా లాంగ్ హుడ్, అంటే పొడవు ముక్కు బండి మీద మనసు పడ్డవాళ్లు ఇది చదివాకే డీలర్ దగ్గరికి వెళ్లండి.

ఆరేళ్లు కంపెనీ బండి నడిపి, కూడబెట్టిన డబ్బుతో పోయిన వేసవిలో ఒక సెకండ్‌హ్యాండ్ లాంగ్ హుడ్ కొన్నాను. పీటర్‌బిల్ట్ 389, కెన్‌వర్త్ డబ్ల్యూ900 తరహా బండి అన్నమాట. క్రోము బంపరు, రెండు నిలువు సైలెన్సర్ గొట్టాలు, వెనక పడుకోవడానికి చిన్న గదంత స్లీపరు. బరువెంత అని అడిగితే అమ్మినాయన "18 వేల పౌండ్లు" అన్నాడు. నమ్మేశాను.

మొదటి లోడు ఐడహోలో బంగాళాదుంపలు, 44,800 పౌండ్లు. పాత కంపెనీ బండితో ఇలాంటి లోడ్లు ఎన్ని లాగానో లెక్కలేదు. ట్యాంకులు నింపుకుని, లోడు ఎత్తించుకుని ట్రక్ స్టాప్‌లో స్కేల్ ఎక్కాను. చీటీ చేతికొచ్చింది: ముందు చక్రాల మీద 11,640, డ్రైవ్ చక్రాల (బండిని లాగే వెనక చక్రాలు) మీద 34,900, ట్రైలర్ చక్రాల మీద 34,260. మొత్తం 80,800. చట్టం ఒప్పుకునేది 80 వేలే. వెనక జంట యాక్సిళ్లకి ఒక్కో జతకి 34 వేలు. అంటే మూడు చోట్ల తప్పు. ఫిఫ్త్ వీల్, అంటే ట్రైలర్ తగిలించే పళ్లెం, ముందుకు జరిపితే డ్రైవ్ మీద బరువు కొంత ముందుకు పోతుంది, కానీ మొత్తమే ఎక్కువైనప్పుడు ఎటు జరిపి ఏం లాభం? పైగా వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం, ఎక్కువున్న బండిలో అంతే దూరం జరిపినా ముందుకు వెళ్లే బరువు తక్కువ.

వెనక్కి వెళ్లి ఒక ప్యాలెట్ దింపించుకునేసరికి సగం రోజు పోయింది. టెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు.

తర్వాత ట్రైలర్ విప్పి బండిని ఒక్కదాన్నే తూచాను. 20,400. అమ్మినాయన చెప్పింది ఖాళీ ట్యాంకులతో, మనిషి లేకుండా ఉన్న బరువు. రెండు ట్యాంకుల్లో 300 గ్యాలన్లు పడుతుంది, గ్యాలన్ డీజిల్ ఏడు పౌండ్లు. అక్కడే 2,100. నేను, చెయిన్లు, పనిముట్లు కలిపి ఇంకో మూడు వందలు. నా పాత బండి ఇవన్నీ కలిపినా 17,800 దాటేది కాదు. ఆ తేడా 2,600 పౌండ్లు, అంటే ప్రతి బరువు లోడు దగ్గరా నేను వదులుకునే సరుకు. ఇప్పుడు సగం ట్యాంకుతో లోడు ఎత్తుతున్నాను, దారిలో ఎక్కువసార్లు ఆగుతున్నాను.

ఇక తిప్పడం. ఆ దుంపలు దించింది చికాగోలో ఒక పాత గోడౌన్‌లో. ఇరుకు వీధి, ఎదురుగా వరసగా కార్లు. 53 అడుగుల ట్రైలర్‌ని అడ్డంగా డాక్‌లోకి, అంటే సరుకు దించే చోటికి, రివర్స్ చేయాలంటే ముక్కు వీధి అవతలి దాకా తిరగాలి. నా పాత బండి వీల్‌బేస్ 228 అంగుళాలు, దీనిది 285. దాదాపు ఐదడుగులు ఎక్కువ. పాతదాంట్లో ముందు చక్రాలు కాస్త వెనక్కి ఉండి ఇట్టే మలుపు తిరిగేది. దీంట్లో బంపర్ వెనకే ఉంటాయి. నలభై నిమిషాలు పట్టింది. డాక్‌లో పనిచేసే ఒక పెద్దాయన దిగొచ్చి చెయ్యి చూపిస్తుంటే, నా బంపరుకీ ఒక ఎర్ర కారు తలుపుకీ మధ్య జానెడు ఖాళీ. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

అంతకంటే భయపెట్టింది ఒకటుంది. సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే, హుడ్ కుడి అంచు పక్కన సన్నటి యాంటెన్నా కొస ఒకటి కనిపించింది. దాని కింద ఒక చిన్న కారు ఉంది. అది కదిలి ముందుకు వెళ్లేదాకా కారు పైకప్పు కూడా నాకు కనపడలేదు. మర్నాడే హుడ్ అద్దాలు పెద్దవి వేయించాను.

అసలు ఇంత ముక్కు ఎలా వచ్చిందంటే, ఒకప్పుడు చాలా రాష్ట్రాల్లో బండి, ట్రైలర్ కలిపి మొత్తం పొడవు కొలిచేవాళ్లు. అందుకే ముక్కు లేని కేబోవర్ బండ్లు నడిచేవి. 1982 చట్టం తర్వాత పెద్ద హైవేల మీద ఆ కొలత పోయింది, ముక్కు పొడవున్నా అడ్డు లేకుండా పోయింది. హైవే మీద నిజంగానే ఈ బండి హాయిగా, కుదుపు లేకుండా పోతుంది. బండిని తిట్టను. నా పనికి సరిపడే బండి కాదు, అంతే. తేలిక లోడ్లు, విశాలమైన యార్డులు ఉన్న రూటైతే కొనుక్కోండి.

కానీ డీలర్ నోటిమాట మీద మాత్రం వద్దు. ట్యాంకులు నిండుగా పోయించి, మీరు సీట్లో కూర్చుని స్కేల్ మీదికి ఎక్కించండి. 53 అడుగుల ట్రైలర్ తగిలించి, ఇరుకు చోట ఒక్కసారైనా రివర్స్ చేసి చూడండి. నేను అడిగితే "ఇన్సూరెన్స్ ఒప్పుకోదు" అని ఖాళీ యార్డులో ఒక చుట్టు తిప్పించి పంపారు. తర్వాత వెళ్లి అడిగితే, ఉన్నది ఉన్నట్టు అమ్మాం అని కాగితం చూపించారు. కింద సంతకం నాదే.