షంట్, ఈటీవీ: మా బాబుకి రెండూ అయ్యాక

మా బాబుకి ఇప్పుడు తొమ్మిదేళ్లు. హైడ్రోకెఫాలస్‌కి, అంటే తలలో నీరు చేరడానికి, రెండు ఆపరేషన్లూ జరిగాయి: రెండో నెలలో వీపీ షంట్ (తలలోని నీటిని పొట్టలోకి దించే ట్యూబు), మూడేళ్లప్పుడు ఈటీవీ (ట్యూబు లేకుండా ఎండోస్కోపుతో నీటికి కొత్త దారి చేసే ఆపరేషన్). ఏది మంచిదని ఎవరైనా అడిగితే, బిడ్డ వయసెంత, తలలో నీరు ఎందుకు చేరింది అని ముందు నేనే అడుగుతాను.

మావాడిది అక్విడక్టల్ స్టెనోసిస్. మెదడులో నీరు ఉండే గదుల్లో మూడో దానికీ నాలుగో దానికీ మధ్య ఉన్న సన్నటి దారి మూసుకుపోయింది. ఇలాంటి అడ్డంకికి ఈటీవీయే సరైనదని చదివాం. మూడో గది అడుగున ఎండోస్కోపుతో రంధ్రం చేస్తే నీరు అటుగా వెళ్లిపోతుంది, ఒంట్లో ట్యూబు అక్కర్లేదు. అదే చేయమని అడిగాం. సర్జన్ గారు ఈటీవీ సక్సెస్ స్కోరు కాగితం మీద వేసి చూపించారు: ఒకటి నుంచి ఆరు నెలల లోపు వయసుకి 10, కారణానికి 30, ఇంతకుముందు షంట్ లేదు కాబట్టి 10. మొత్తం 50. అంటే ఆరు నెలల తర్వాత కూడా అది పనిచేస్తూ ఉండే అవకాశం దాదాపు సగమే. నెల లోపు బిడ్డకైతే వయసుకి సున్నా. ఇక షంట్‌కే ఒప్పుకున్నాం.

షంట్ ఫలితం వెంటనే తెలిసింది. ఉబ్బిన మాడు దిగింది, కిందికి వాలిన కళ్లు మళ్లీ పైకి చూశాయి. మొదటి నెలల్లో ఇన్ఫెక్షన్ భయం, ఒళ్లు కాస్త వెచ్చబడినా టెన్షనే. ఖరీదైన వాల్వ్ (షంట్‌లో నీటి ప్రవాహాన్ని అదుపు చేసే భాగం) వేయించలేదని బెంగపడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. షాజహాన్‌పూర్‌లో తయారయ్యే చవకైన ఛాబ్రా షంట్‌ని ఉగాండాలో విదేశీ షంట్‌తో పోల్చి చూస్తే ఏడాది ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అయితే షంట్ ఎప్పుడు మూసుకుపోతుందో చెప్పలేం. పిల్లల్లో దాదాపు సగం షంట్లు రెండేళ్లలోపే మొరాయిస్తాయి. మావాడిది మూడేళ్లకి ఆగింది. అప్పటికి మాడు పూడిపోయింది కాబట్టి చూసి పట్టుకోలేం. పొద్దున్నే వాంతులు, మగత. దగ్గర్లోని క్లినిక్‌లో గ్యాస్ అని మందిచ్చి పంపేశారు. షంట్ ఉన్న పిల్లాడికి వాంతులైతే ముందు స్కాన్ తీయాలని మేం పట్టుబట్టాం.

అప్పుడు ఈటీవీ చేశారు. ఈసారి స్కోరు 70, వయసు పెరగడమే కలిసొచ్చింది. పాత ట్యూబు లోపల అతుక్కుని ఉంటే లాగినప్పుడు రక్తస్రావం కావచ్చని దాన్ని అలాగే వదిలేశారు. తర్వాతి స్కాన్లో గదులు పెద్దగా తగ్గకపోయేసరికి గుండె జారింది. ఈటీవీ తర్వాత అంతేనట, పిల్లాడి హుషారు చూడమన్నారు. వాడు అప్పటికే వార్డంతా పరుగులు పెడుతున్నాడు!

ఈటీవీతో పాటు నీరు ఊరే కోరాయిడ్ ప్లెక్సస్‌ని కాల్చే పద్ధతి కూడా ఉంది. ఉగాండాలోని ఎంబాలేలో డాక్టర్ బెంజమిన్ వార్ఫ్ చంటిపిల్లల్లో దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఇన్ఫెక్షన్ వల్ల నీరు చేరిన 100 మంది పసిపిల్లల్లో దాన్ని షంట్‌తో పోల్చిన ఫలితాలు 2017లో వచ్చాయి. ఏడాదికి తెలివితేటల ఎదుగుదలలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పెద్దాసుపత్రికి గంటలకొద్దీ ప్రయాణం చేయాల్సిన ఊళ్లో ఉంటే, ట్యూబు లేకపోవడం ఒక్కటే నా దృష్టిలో పెద్ద లాభం.

ఈటీవీ అయిపోయింది కదా అని ఫాలో అప్ మానకండి. ఆ రంధ్రం ఏళ్ల తర్వాత కూడా పూడిపోవచ్చు. బాబు బాగున్నప్పుడు తీసిన స్కాన్ మా ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకున్నాం. ఎక్కడ ఎమర్జెన్సీకి వెళ్లినా డాక్టరు మొదట అడిగేది అదే.