తెలుగు పీరియడ్ మొదటి పది నిమిషాలు: డిక్టేషన్ మేలా, సొంత చదువు మేలా?

జూన్‌లో బడులు తెరిచిన వారం లోపే తెలుగు చెప్పే తోటి టీచర్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. 6, 7, 8 తరగతులకు పీరియడ్ మొదటి పది నిమిషాలు ఏం చేయించాలి? డిక్టేషన్ చెప్పాలా, లేక పుస్తకాలు చేతికిచ్చి చదువుకోనిచ్చి నాలుగు వాక్యాలు రాయించాలా? తల్లిదండ్రులూ అడుగుతున్నారు. కిందటేడు సమావేశానికి వచ్చిన ఒక తండ్రి కొడుకు నోటుబుక్కు తిరగేసి, "టీచర్, ఇందులో డిక్టేషనే కనిపించడం లేదు, మానేశారా?" అన్నారు. మానలేదు, దాని చోటు మార్చాను. ఎందుకు మార్చానో ఆయనకు నిలబడి రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఇక్కడ కొంచెం తీరిగ్గా చెబుతాను.

ముందు డిక్టేషన్ సంగతి. పద్నాలుగేళ్లు చెప్పాను కాబట్టి దాని మంచి నాకు తెలుసు. మధ్యాహ్న భోజనం అయ్యాక ఆటస్థలం నుంచి చెమటలతో వచ్చే 7వ తరగతిని రెండు నిమిషాల్లో కుదురుగా కూర్చోబెట్టగలిగేది అదొక్కటే. "మొదటి పదం" అనగానే తలలు వంగుతాయి. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా, ద్విత్వం ఎక్కడ పడుతుందో ఎక్కడ పడదో, ఇవన్నీ చెవికి వినిపించేవే. వీటిని సరిచేయడానికి డిక్టేషన్‌ను మించింది లేదు. పల్లంలో ఉన్న నీళ్లు, పళ్లెంలో ఉన్న నీళ్లు ఒకటి కావని పిల్లవాడికి చెవి ద్వారానే ఎక్కుతుంది.

చిక్కంతా చెవికి వినిపించని వాటితో. మనం మాట్లాడేటప్పుడు మహాప్రాణాలను, అంటే ఖ, థ, ధ లాంటి ఒత్తి పలికే అక్షరాలను, ఎంతమంది పలుకుతున్నారు? 'అర్థం', 'అర్ధం' రెండూ మన నోట ఒకేలా వస్తాయి. 'విద్యార్థి' అనే మాటను మా తరగతిలో ఐదు రకాలుగా రాసిన రోజుంది. అందులో ఒకడు ఎందుకైనా మంచిదని ఉన్న ప్రతి అక్షరానికీ ఒత్తు తగిలించాడు. ఇక డిక్టేషన్ చెప్పే మనం ఏం చేస్తాం? ఆ అక్షరం దగ్గర ఊపిరి బిగబట్టి "ర్... థి" అని నొక్కి చెబుతాం. పిల్లలు మన ఊపిరిని చూసి రాస్తారు. పరీక్ష హాల్లో ఆ ఊపిరి ఉండదు. శ, ష, స ల సంగతీ అంతే. ఇవి పదాన్ని కంటితో పదిసార్లు చూస్తే కుదురుకునే అక్షరాలు. అంటే చదవాలి. డిక్టేషన్‌తోనే రాత దోషాలన్నీ పోతాయని నమ్మేవాళ్లు ఈ ఒక్క సంగతి గమనించాలని నా మనవి.

అయినా నా నిర్ణయం దీని మీద ఆధారపడలేదు. నేను పొదిలి, కనిగిరి వైపు మెట్ట ప్రాంతపు బడిలో పనిచేస్తున్నాను. ఇక్కడ తరగతిలో ఏ అలవాటు నిలుస్తుంది, ఏది నిలవదు అనేది తేల్చేది ఒకటే: గైర్హాజరు. పిల్లలది మాత్రమే కాదు, నాది కూడా.

పిల్లలది ముందు చెబుతాను. సంక్రాంతి దాటితే మా ఊళ్ల నుంచి కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు, పల్నాడు వైపు కదులుతాయి. వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం ఆ కొన్ని నెలలు నడిపే సీజనల్ హాస్టల్ ఉన్న చోట కొందరు పిల్లలు ఆగుతారు. మిగిలినవాళ్లు అమ్మానాన్నలతోపాటు వెళ్లిపోతారు. కిందటేడు మా 7వ తరగతిలో 38 మంది ఉంటే తొమ్మిది మంది ఇలా నెల నుంచి నెలన్నర కనిపించలేదు. మార్చిలో తిరిగి వచ్చిన పిల్లకు నేను ఆ రోజు డిక్టేషన్ చెప్పాననుకోండి. పదిలో రెండు వస్తాయి. పక్క పిల్లకు ఎనిమిది. నోటుబుక్కు మూసి చేయి అడ్డం పెట్టుకుంటుంది. మర్నాడు కడుపు నొప్పి అంటుంది. ఇది ఊహించి రాస్తున్నది కాదు, ఏటా చూసిన కడుపునొప్పే. డిక్టేషన్ పాఠాన్ని అంటిపెట్టుకుని నడుస్తుంది. ఆరు పాఠాలు తప్పిపోయినవాళ్లకు ఏడో పాఠం పదాలు పరాయివి. సొంత చదువులో అయితే ఆ పిల్ల జనవరిలో ఎక్కడ ఆపిందో ఆ పేజీ తెరుస్తుంది. వెనకబడ్డానన్న సంగతి ఎవరికీ కనిపించదు, ఆమెకు కూడా.

ఇప్పుడు నాది. చుట్టుపక్కల బడుల టీచర్లందరూ కూడే స్కూల్ కాంప్లెక్స్ సమావేశం, శిక్షణ తరగతులు, ఓటర్ల జాబితా పని, ఫోనులో ఎక్కించవలసిన ఫొటోలూ వివరాలూ. నేను తరగతిలో లేని పీరియడ్లు నెలకు కొన్ని తప్పవు. డిక్టేషన్ నా గొంతు మీద నడిచే పని. నేను లేకపోతే అది లేదు. నా బదులు వచ్చిన లెక్కల మాస్టారు, "మీ ఒత్తులు నావల్ల కాదు టీచర్" అని పిల్లలకు ఎక్కాలు ఇచ్చి కూర్చుంటారు. సొంత చదువుకు ఎవరూ అక్కర్లేదు. లీడర్ గడియారం చూస్తుంది, పుస్తకాల పెట్టె తెరుస్తుంది, పని మొదలవుతుంది.

కోవూరు వైపు డెల్టాలో పనిచేసే నా స్నేహితురాలు దీన్ని అసలు ఒప్పుకోదు. వాళ్లది పెన్నా కాలువల కింద వరి పండే ఊరు. పిల్లలు ఏడాదంతా బడిలోనే ఉంటారు. ఆమె డిక్టేషన్ పట్టిక జూన్ నుంచి ఏప్రిల్ దాకా గొలుసులా సాగుతుంది, ఫలితమూ కనిపిస్తుంది. పైగా నెల్లూరు మనిషి కదా, వాదన వచ్చినప్పుడల్లా తిక్కనను తెస్తుంది. భారతం చెబుతూ ఒకచోట మాట తోచక తిక్కన "ఏమి చెప్పుదుం గురునాథా" అన్నాడట. రాస్తున్న కుమ్మరి గురునాథుడు దాన్నీ రాసేశాడట. చూస్తే అది సంజయుడు ధృతరాష్ట్రుడితో అంటున్న మాటగా, 'కురునాథా' సంధిలో 'గురునాథా' అయినట్టుగా, పద్యంలో అతికినట్టు సరిపోయిందట. "తెలుగులో అంత పెద్ద డిక్టేషన్ మా ఊళ్లోనే జరిగింది" అంటుంది. గురునాథుడు మిరప కోతలకు వెళ్లలేదమ్మా, రోజూ వచ్చి కూర్చున్నాడు, అన్నాను. నవ్వింది కానీ ఒప్పుకోలేదు. ఆమె తరగతికి ఆమె పద్ధతే సరిపోతుందని నాకూ తెలుసు.

సొంత చదువు పెట్టుకోవాలనుకునేవాళ్లకు దాని కష్టాలూ చెప్పాలి. మొదటి మూడు వారాలు తరగతి సంతలా ఉంటుంది. "నీళ్లకు వెళ్లొస్తాను టీచర్", "పెన్ను రాయడం లేదు టీచర్", "వీడు నా పుస్తకం లాక్కున్నాడు టీచర్". నియమాలు చార్టు మీద రాసి గోడకు అంటించాను. ఎవరూ చూడలేదు. తర్వాత చార్టు తీసేసి సాధన చేయించాను. అందరూ వరండాలోకి వెళ్లాలి, లోపలికి రావాలి, పెట్టెలోంచి పుస్తకం తీసుకోవాలి, కూర్చోవాలి, తెరవాలి. నోట మాట లేకుండా ఇదంతా జరగాలి. ఒక్క రోజులో ఐదుసార్లు చేయించాను. ఆరోసారి వాళ్లే నవ్వుకుంటూ సరిగ్గా చేశారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు "లోపలికి రావచ్చా" అని అడగనక్కర్లేదు, వచ్చి పుస్తకం తీయడమే. ఈ ఒక్క మినహాయింపు వల్ల మిగిలిన 37 మంది చదువు చెదరడం ఆగింది.

చదువుతున్నట్టు నటించడం ఇంకో తలనొప్పి. పేజీలు తిరుగుతుంటాయి, కళ్లు కిటికీలో ఉంటాయి. అందుకే రాత. ఏడు నిమిషాలు చదివితే మూడు నిమిషాలు రాయాలి. తేదీ, పుస్తకం పేరు, ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా, ఆ పేజీ చదివినవాళ్లు మాత్రమే రాయగలిగిన ఒక వాక్యం. ఈ చివరి షరతు లేనప్పుడు నాకు 38 నోటుబుక్కుల్లో 38 సార్లు "ఈ కథ చాలా బాగుంది, నాకు నచ్చింది" అని వచ్చింది. షరతు పెట్టాక మాటలు మారాయి. కుండలు చేసే ముసలాయన కథ చదివిన ఒక పిల్లవాడు, "మా తాత కూడా చేసేవాడు, ఇప్పుడు మట్టి తెచ్చుకోనివ్వడం లేదని సారె ఎండలో పడేశాడు" అని రాశాడు. అందులో రెండు తప్పులున్నాయి. ఎర్ర సిరా పెట్టలేదు.

గుణింతాలే తడబడే పిల్లలు 7వ తరగతిలోనూ ఉంటారు. వాళ్లకు మౌనంగా చదవమని చెప్పడం దండగ. నేను వాళ్లను చదవగలిగిన పిల్లల పక్కన కూర్చోబెట్టి, బొమ్మల కథల కార్డులు ఇచ్చి, గుసగుసగా పైకి చదవనిస్తాను. పుస్తకాలు లేవనేవాళ్లకు ఒక మాట. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ముద్రించుకోవచ్చు. బీరువాలో పెట్టి తాళం వేసుకునే పుస్తకాలకంటే, గదిలో తాడు కట్టి దండెం మీద వేలాడదీసిన పాతిక కార్డులు ఎక్కువ చేతులు మారతాయి. చినుగుతాయి. చినగనివ్వండి.

పై తరగతి మార్కుల సంగతి అడుగుతారు కాబట్టి ఇదీ చెబుతాను. ఈ నోటుబుక్కుల్లోంచే పుస్తక సమీక్షలు తయారవుతాయి. ప్రాజెక్టు పని రాయమన్నప్పుడు గైడు చూసి ఎక్కించవలసిన అవసరం పిల్లలకు రాదు.

మిగతా పద్ధతులూ కొందరు అడుగుతున్నారు. చూచిరాత దస్తూరికి పనికొస్తుంది, 5వ తరగతి దాటాక దానికి పది నిమిషాలు ఎక్కువ. పద్యాలు వల్లె వేయించడం మంచిదే, కానీ పక్క గదిలో ఇంగ్లీషు చెప్పే టీచరుతో గొడవ వస్తుంది. పత్రిక చదివించడం ఒక్కరు చదివితే 37 మంది వినే పని, అది ప్రార్థన సమావేశంలో ఎలాగూ జరుగుతోంది.

డిక్టేషన్ చోటు మార్చానన్నాను కదా. నాలుగు రోజులు సొంత చదువు, శుక్రవారం డిక్టేషన్. పదాలు పాఠంలోవి కావు. ఆ వారం వాళ్ల నోటుబుక్కుల్లో తప్పు పడినవే పది ఏరుకుంటాను. ఎవరి తప్పో చెప్పను. 'సారె', 'మట్టి' లాంటివి వినపడగానే రాసినవాడికి తెలుస్తుంది, పెదవి కొరుక్కుంటాడు, అంతే. దీన్ని నోటుబుక్కులో రాయించను, పలకల మీద రాయిస్తాను. మార్కాపురం రాతి పలకల మీద దిద్దుకున్న తరం మాది. మా మాస్టారు పలక చూసి, "తుడిచి మళ్లీ రాయి" అనేవారు. తప్పు తడిగుడ్డతో పోయేది. నోటుబుక్కులో ఎర్ర గీత ఏడాదంతా ఉంటుంది. ఆ తండ్రికి కొడుకు పుస్తకంలో డిక్టేషన్ కనిపించకపోవడానికి కారణం ఇదే. ఇప్పుడు రాతి పలకలకు గిరాకీ పోయింది. నేను తెప్పించినవి కూడా ప్లాస్టిక్కువే. వాటి మీద బలపం జారుతుంది, పెద్ద అక్షరం రాయక తప్పదు. అదీ ఒకందుకు మంచిదే, వెనక బెంచీ పలక నాకు ముందునుంచే కనిపిస్తుంది.

ఈ జూన్‌లో 6వ తరగతికి కూడా ఇదే మొదలుపెట్టాను. వాళ్లు 44 మంది, కార్డులు పాతికే. ప్రస్తుతానికి ఇద్దరికొకటి ఇస్తున్నాను. ఒకరు చదివేలోపు రెండోవారు పేజీ తిప్పేస్తున్నారని రోజూ నాలుగు పంచాయితీలు వస్తున్నాయి.