రెండు మూడు ఐపీలున్న సర్వర్లలో ఎన్ఎఫ్ఎస్, సాంబా: ఏళ్లుగా వాడుతున్నవాడి మాట

ఒక్కో సర్వర్‌కి రెండు మూడు నెట్‌వర్క్ కార్డులు, కార్డుకో ఐపీ అడ్రస్. సర్వర్‌లోని ఫైళ్లని నెట్‌వర్క్ మీద పంచడానికి లైనక్స్ మెషీన్లకి ఎన్ఎఫ్ఎస్, విండోస్ మెషీన్లకి సాంబా. ఇలాంటి సెటప్‌ని ఏళ్ల తరబడి నడుపుతున్నాను. రెండూ నమ్మదగ్గవే. కాకపోతే ట్రాఫిక్ ఏ దారిన పోవాలో మనం తేల్చి చెప్పకపోతే వాటికి దొరికిన దారిన పోతాయి, పది గిగాబిట్ కార్డు ఖాళీగా ఉంటే బ్యాకప్ అంతా ఒక గిగాబిట్ కార్డు మీద, సెకనుకి 110 మెగాబైట్ల దగ్గర పాకుతూ ఉంటుంది.

నేను ముందు చేసేది పేర్లు విడగొట్టడం. ఒకే పేరుకి డీఎన్ఎస్‌లో (ఏ పేరుకి ఏ ఐపీ అడ్రసో చెప్పే చోటు) రెండు అడ్రస్‌లు పెడితే ఏ క్లయింట్, అంటే సర్వర్‌ని వాడుకునే మెషీన్, ఎటు వెళ్తుందో ఎవరికీ తెలియదు. స్టోరేజ్ నెట్‌వర్క్‌కి ఒక పేరు, మామూలు నెట్‌వర్క్‌కి ఇంకో పేరు, మౌంట్ చేసేది, అంటే సర్వర్ ఫోల్డర్‌ని క్లయింట్‌కి తగిలించేది, స్టోరేజ్ పేరుతోనే. సగం టెన్షన్ ఇక్కడే పోతుంది.

ఎన్ఎఫ్ఎస్‌లో జనం ఎక్కువగా ఇరుక్కునేది యాక్సెస్ డినైడ్ దగ్గర. వెంటనే ఫోల్డర్ పర్మిషన్లు తిరగేస్తారు, కానీ ఎక్స్‌పోర్ట్స్ ఫైల్ (ఏ ఫోల్డర్ ఎవరికివ్వాలో సర్వర్‌లో రాసుకునే జాబితా) చూసేది రిక్వెస్ట్ ఏ అడ్రస్ నుంచి వచ్చిందనే. క్లయింట్‌కి కూడా రెండు ఐపీలుంటే మనం అనుకోని దాని నుంచి వస్తుంది. క్లయింట్‌లో ఐపీ రూట్ గెట్ కమాండ్‌కి సర్వర్ అడ్రస్ ఇస్తే ఏ సోర్స్ నుంచి వెళ్తోందో ఒక్క లైన్లో చెప్పేస్తుంది. ఇంకో మాట, ఎన్ఎఫ్ఎస్ వెర్షన్ 3 ఇలాంటి సర్వర్లకి వద్దు. పోర్ట్‌మ్యాపర్ (ఏ సర్వీసు ఏ పోర్టులో ఉందో చెప్పేది), మౌంట్, లాక్ (ఒకే ఫైల్‌ని ఇద్దరు ఒకేసారి మార్చకుండా ఆపేది) అన్నీ వేర్వేరు పోర్టులు, పైగా రీబూట్ తర్వాత లాకుల రికవరీ పేర్లూ అడ్రస్‌లూ కలవక తప్పిపోయే అవకాశం ఉంది. వెర్షన్ 4కి 2049 పోర్టు ఒక్కటి తెరిస్తే చాలు.

వేగం, కేబుల్ ఊడినప్పుడు తట్టుకోవడం, ఈ రెండిట్లో మాత్రం ఎస్ఎంబీ మల్టీచానెల్‌కే నా ఓటు. ఎస్ఎంబీ అంటే విండోస్, సాంబా మాట్లాడుకునే భాష, మల్టీచానెల్ అంటే అది ఒకేసారి రెండు మూడు కార్డుల మీద నడవడం. విండోస్ సర్వర్ 2012తో వచ్చింది, సాంబాలో 4.15 నుంచి లైనక్స్ మీద డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. పెద్ద ఫైల్ కాపీ అవుతుండగా ఒక కేబుల్ పీకినా రెండో దాని మీద కాపీ సాగిపోతుంది, అది చూసిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది. అయితే సర్వర్ తన దగ్గరున్న అడ్రస్‌లన్నీ క్లయింట్‌కి చెప్పేస్తుంది, సర్వర్ లోపల కంటైనర్ల కోసం ఉండే బ్రిడ్జి అడ్రస్ కూడా! క్లయింట్ చేరలేని అడ్రస్ కోసం ప్రయత్నిస్తూ ఆగుతుంది. సాంబా కాన్ఫిగ్‌లో ఏ కార్డులు వాడాలో చెప్పే ఇంటర్‌ఫేసెస్ లైన్ రాసి, బైండ్ ఇంటర్‌ఫేసెస్ ఓన్లీ అన్నది ఎస్ అని పెట్టండి.

రెండు కార్డులూ ఒకే సబ్‌నెట్‌లో (ఒకే ఐపీ అడ్రస్‌ల గుంపులో) పెట్టకండి. లైనక్స్‌లో ఒక కార్డు ఐపీ అడిగితే ఇంకో కార్డు జవాబిస్తుంది. తప్పదంటే ఆ జవాబుల్ని అదుపు చేసే లైనక్స్ సెట్టింగులు ఏఆర్పీ ఇగ్నోర్ 1, ఏఆర్పీ అనౌన్స్ 2 పెట్టాలి, కానీ సబ్‌నెట్‌లు విడగొట్టడమే తేలిక. జంబో ఫ్రేములు (మామూలు కన్నా పెద్ద ప్యాకెట్లు) వాడితే దారిలో ఉన్న స్విచ్‌తో సహా అంతటా ప్యాకెట్ సైజు 9000 బైట్లు ఉండాలి. ఒక్కచోట తేడా ఉన్నా మౌంట్ అవుతుంది, చిన్న ఫైళ్లు తెరుచుకుంటాయి, పెద్ద కాపీ పెట్టగానే హ్యాంగ్. ముక్కలు చేయొద్దని చెప్పి 8972 సైజుతో పింగ్ కొడితే బయటపడుతుంది.

ఎన్ఎఫ్ఎస్‌లో ఒకే మౌంట్‌కి చాలా కనెక్షన్లు వాడే ఎన్‌కనెక్ట్ ఆప్షన్ బాగుంటుంది, లైనక్స్ 5.3 నుంచి ఉంది, 16 కనెక్షన్ల దాకా తెరుస్తుంది, కాకపోతే అన్నీ ఒకే సర్వర్ అడ్రస్‌కి. వేర్వేరు అడ్రస్‌ల మీద పంచాలంటే మ్యాక్స్ కనెక్ట్ ఆప్షన్‌తో, ఎన్ఎఫ్ఎస్ వెర్షన్ 4.1 ఆ పైన, ఒక్కో అడ్రస్‌ని విడిగా మౌంట్ చేయాలి. సాంబాలో ఏమీ చెప్పకుండానే జరిగే పని ఇక్కడ ఇంకా చేత్తో చేసుకోవాల్సి వస్తోంది, ఇదొక్కటి బాగుపడితే లైనక్స్ మెషీన్ల మధ్య నేను ఇంకేమీ అడగను.