సూయా ఇంట్లో కాల్చాలంటే బొగ్గులు మేలా, ఓవెన్ మేలా, పెనం మేలా?

ఉత్తర నైజీరియాలోని హౌసా ప్రజల వంటకమైన సూయా ఈనాడు ఆ దేశమంతటా సాయంత్రం వేళల్లో వీధి మలుపుల్లో దొరుకుతుంది. ఘనాలో దాన్నే చిచింగా అంటారు. పలుచగా కోసిన గొడ్డు మాంసాన్ని పుల్లలకు గుచ్చి, ‘యాజీ’ అనే కారప్పొడి పట్టించి నిప్పుల సెగకు కాలుస్తారు. అమ్మే మనిషిని ‘మై సూయా’ అంటారు. అతడు కాలిన ముక్కలను కత్తితో చకచకా కోసి, ఉల్లిపాయ, టమాటా ముక్కలు జోడించి, పైన మరికాస్త యాజీ చల్లి, పాత పత్రికలో పొట్లం కట్టి ఇస్తాడు.

దీన్ని ఇంట్లో చేయదలచినవారు ముందుగా పొయ్యి గురించి ఆలోచిస్తారు గానీ, ఏ పొయ్యి పనికొస్తుందో తేల్చేది నిజానికి ఆ పొడే. యాజీకి ఆధారం కులికులి. వేరుశనగ గింజలను వేయించి రుబ్బి, ఆ ముద్దను కాసిని నీళ్లతో పిసుకుతూ నూనెను పిండేసి, మిగిలిన పిప్పిని ఉండలుగానో చుట్టలుగానో చేసి, తీసిన ఆ నూనెలోనే కరకరలాడేలా వేయిస్తే కులికులి తయారవుతుంది. దాన్ని దంచి ఎండుమిరప పొడి, శొంఠి, ఉప్పు, మ్యాగీ బిళ్ల (రుచి కోసం వేసే ఉప్పటి మసాలా బిళ్ల), ‘కింబా’ అనే ఘాటైన అడవి కాయల పొడి కలుపుతారు. కింబా దొరకని చోట కొన్ని మిరియాలతో సరిపెట్టుకోవచ్చు, కాకపోతే దాని పొగవాసన మాత్రం రాదు. తెలగపిండి కూర తిని పెరిగిన తెలుగువారికి నూనె తీసిన చెక్క రుచి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర లేదు.

కులికులికి బదులు వేయించిన పల్లీలను నేరుగా మిక్సీలో వేస్తే వచ్చే చిక్కు అంతా నూనెతోనే. గింజ బరువులో దాదాపు సగం నూనె కాబట్టి పొడి కాస్తా నిమిషంలో ముద్దవుతుంది, ఆ ముద్ద మాంసానికి మందంగా అంటుకుని, లోపల ఉడికేలోగా పైన మాడి చేదెక్కుతుంది. అందుకే మిక్సీని ఆపి ఆపి తిప్పి, ఆ పలుకును పలుచని గుడ్డలో మూటగట్టి గట్టిగా పిండి, ఆరబెట్టి వాడుకోవాలి. పశువుల దాణాకు అమ్మే చెక్కను మాత్రం దగ్గరకు రానివ్వకూడదు, నిలవ చెక్కకు పట్టే బూజులో విషం ఉంటుంది. అరకిలో మాంసానికి 100 గ్రాముల వేరుశనగ పొడి, రెండేసి చెంచాల కారం, శొంఠి, ఒక చెంచా ఎండు ఉల్లిపాయ పొడి సరిపోతాయి.

ఇక పొయ్యి సంగతి. రుచి ఒక్కటే కొలమానమైతే బొగ్గులకు సాటి లేదు. పాత పద్ధతిలో పుల్లలను నిప్పుల మీద పడుకోబెట్టకుండా చుట్టూ నిలబెట్టి గుచ్చుతారు. దానివల్ల కారే కొవ్వు నిప్పుల్లో పడి మంట లేవదు, పొడి మాడకుండా సెగకు మెల్లగా వేగుతుంది. డాబా మీదో పెరట్లోనో కుంపటి పెట్టుకోగలవారు మరో ఆలోచన చేయనవసరం లేదు. అపార్టుమెంటు గదుల్లో బొగ్గులు వెలిగించడం మాత్రం ప్రాణాలతో చెలగాటమే.

పెనం అందరికీ అందుబాటులో ఉన్నా, సూయాకు అదే అన్నిటికంటే తక్కువ రకమని నా అభిప్రాయం. మొదటిసారి నేను అరకిలో ముక్కలనూ ఒకేసారి పెనం మీద పరిచాను. రెండు నిమిషాల్లో నీరు ఊరి, యాజీ అంతా మాంసాన్ని వదిలి ఎర్రటి పులుసులా అడుగున చేరింది, ఆ నీరు ఇగిరేసరికి మాడింది. తప్పనిసరైతే ఇనుప పెనాన్ని బాగా కాల్చి, ఒక్కో వాయికి ఐదారు ముక్కలు మించకుండా వేసుకోవాలి.

ఈ రెండింటి నడుమ ఓవెన్‌ను నేను బొగ్గులకు దగ్గరగానే నిలబెడతాను. ఎంచుకోవలసింది పై కాయిల్ ఎర్రగా కాలే ఓటీజీని (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన కరెంటు పొయ్యిని), మాంసాన్ని ఉంచవలసింది ట్రేలో కాదు, జాలీ మీద. అప్పుడు ఊరిన నీరు కిందికి జారిపోతుంది, పొడి పొడిగానే ఉండి వేగుతుంది. 220 డిగ్రీల వద్ద మధ్యలో ఒకసారి తిప్పుతూ, వేరుశనగ నూనె పలుచగా పూస్తూ 12 నుంచి 15 నిమిషాలు కాలిస్తే అంచులు నల్లబడి సూయా రూపానికి వస్తాయి. లోపించేది పొగ ఒక్కటే.

ఏ పొయ్యి అయినా ముక్క మందం అర సెంటీమీటరు దాటకూడదు. మాంసాన్ని గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచితే నారకు అడ్డంగా పలుచగా కోయడం సులువవుతుంది. వెదురు పుల్లలను అరగంట నానబెట్టాలి. యాజీలో మూడో వంతును ముందే వేరే గిన్నెలోకి తీసి పెట్టుకోవాలి, ఎందుకంటే వడ్డించే ముందు చల్లవలసింది పచ్చి మాంసం తగలని ఆ పొడినే.