రెండు కాన్పులకు తోడొచ్చిన ప్రశ్నల కాగితం

తిరుపతిలో గర్భిణులకు కాన్పు శిక్షణ ఇచ్చే తరగతికి నేను మొదటి కాన్పుకు ముందు వెళ్లాను. అక్కడ నేర్చుకున్నదాన్ని రెండో కాన్పు దాకా వాడుకున్నాను. శ్వాస అభ్యాసాలు, పెద్ద బంతి మీద కూర్చుని చేసే వ్యాయామాలు, బిడ్డకు పాలు పట్టించే పద్ధతులు ఇలాంటి తరగతులన్నిటిలోనూ ఉంటాయి కనుక వాటిని వివరించను. నేను రాయదలచుకున్నది ఒక మధ్యాహ్నం మా చేతికిచ్చిన ఒకే ఒక్క కాగితం గురించి. ఆ తరగతిలో మిగతావన్నీ లేకపోయినా, ఆ కాగితం కోసమే నేను కట్టిన రుసుము సార్థకమైందని ఈనాటికీ నమ్ముతున్నాను.

పరీక్ష గాని, మందు గాని, చికిత్స గాని సూచించినప్పుడు డాక్టరును అడగవలసిన ప్రశ్నలు ఆ కాగితం మీద ఉన్నాయి. ఇది ఎందుకు అవసరం? దీనివల్ల నాకూ బిడ్డకూ కలిగే మేలేమిటి, రాగల ఇబ్బందులేమిటి? ఇది కాక మరో మార్గం ఉందా? కొంతకాలం ఆగితే ఏమవుతుంది, అసలు వద్దంటే ఏమవుతుంది? వీటన్నిటికీ పైన, పెద్ద అక్షరాలతో, ‘ఇది అత్యవసరమా?’ అన్న ప్రశ్న ఉంది. దానికి డాక్టరు అవునంటే కింది ప్రశ్నలను వదిలేసి వెంటనే అంగీకరించాలని శిక్షకురాలు పదేపదే చెప్పారు. చికిత్సకు ముందు రోగికి దాని స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు, నిరాకరిస్తే కలిగే పరిణామాలు తెలియజేసి సమ్మతి తీసుకోవాలని 2008లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. ఆ తీర్పులోని అంశాలే ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో ఈ కాగితం మీదికి వచ్చాయి.

కాగితం ఇచ్చి ఊరుకోలేదు, సాధన కూడా చేయించారు. శిక్షకురాలు డాక్టరు కుర్చీలో కూర్చునేవారు. మేము ఒక్కొక్కరం ఎదురుగా కూర్చుని అడగాలి. భర్తతో పాటు, కాన్పు సమయంలో దగ్గరుండబోయే పెద్దావిడ కూడా తప్పక రావాలన్నది వారి నియమం. మా ప్రాంతంలో పరీక్షకు వెళ్లినప్పుడు గర్భిణి మౌనంగా కూర్చుంటుంది, పక్కనున్న తల్లో అత్తగారో మాట్లాడతారు. అడిగితే డాక్టరు నొచ్చుకుంటారేమోనన్న బెరుకు పెద్దలలో ఎక్కువ. సాధనలో ఆ వరుస మారింది: అడిగేది నేను, వినేది అమ్మ. చిత్తూరు నుంచి బస్సులో వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, ఆ ప్రశ్నలను తన చిన్న పుస్తకంలో స్వయంగా రాసుకున్న మా అమ్మను చూసినప్పుడు నాకు కలిగిన ధైర్యం ఇంకెందులోనూ కలగలేదు.

తరగతికి వచ్చిన చాలామంది ఆ కాగితాన్ని ఆపరేషన్ నుంచి కాపాడే రక్షరేకులా చూశారు. అందులో ఆశ్చర్యం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారానే జరిగాయి, ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 63 శాతం. ఆ భయం ప్రతి ఇంట్లోనూ ఉంది. నాకు మాత్రం ఆ కాగితం ఒకసారి ఆగడానికి, ఒకసారి క్షణం కూడా ఆగకుండా ఉండడానికి ఉపయోగపడింది. రెండోదే గొప్ప మేలని నా అభిప్రాయం.

మొదటి కాన్పులో 40 వారాలు నిండినా నొప్పులు రాలేదు. నొప్పులు వచ్చే మందు పెడదామని డాక్టరు అన్నప్పుడు, అత్యవసరమా అని అడిగాను. కాదన్నారు. ఆగితే ఏమవుతుందని అడిగాను. ఆమె స్కాన్ కాగితాన్ని మా వైపు తిప్పి, ఉమ్మనీరు సరిపడా ఉందని, బిడ్డ గుండె లయ పరీక్ష బాగుందని, గర్భసంచి ముఖద్వారం ఇంకా మెత్తబడలేదని చూపించారు. ముఖద్వారం సిద్ధం కాకముందే మందు మొదలుపెడితే నొప్పులు చాలాసేపు సాగవచ్చని, మరే సమస్యా లేదు కనుక 41 వారాలు నిండేదాకా పరీక్షలు చేస్తూ వేచి చూడవచ్చని వివరించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు కూడా 41 వారాలు నిండినవారికే అని తరగతిలో విన్నాము కాబట్టి ఆ మాట మాకు కొత్తగా తోచలేదు. బిడ్డ కదలికలు తగ్గినా, నీరు పోయినా, రక్తం కనిపించినా, తలనొప్పితో చూపు మసకబారినా వెంటనే రావాలన్న షరతులు ఆమె రాసిచ్చారు. ఆ గడువు దాటకముందే నొప్పులు వాటంతట అవే వచ్చాయి.

ఆసుపత్రిలో చేరాక చాలాసేపు అంతా సవ్యంగానే సాగింది. తర్వాత, నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండవలసిన బిడ్డ గుండె వేగం పడిపోవడం మొదలైంది. నన్ను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టారు, సెలైన్ పెట్టారు, అయినా అది మళ్లీ పైకి రాలేదు. ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పినప్పుడు నేను అడిగింది పెద్ద అక్షరాల ప్రశ్న ఒక్కటే. ‘అవునమ్మా, ఇప్పుడే’ అన్నారు. సరేనన్నాను, సంతకం పెట్టాను. బయట నా భర్త మా అమ్మతో ‘అత్యవసరం అన్నారు అత్తా’ అన్నారట. అమ్మ మరో మాట మాట్లాడకుండా బిడ్డ బట్టల సంచి తీసి నర్సు చేతికిచ్చిందట. ఇంకాసేపు చూడండి, మామూలు కాన్పే చేయండి అని వరండాలో పెద్దలు చేతులు జోడించే సమయంలో ఎన్ని నిమిషాలు పోతాయో, ఆ పరిస్థితిలో ఒక్కో నిమిషం ఎంత విలువైనదో ఆ గదిలో ఉన్నవారికే తెలుస్తుంది. మా పాప పుట్టగానే ఏడ్చింది.

అంతకు మించిన మేలు ఆ తర్వాతి నెలల్లో తెలిసింది. ‘అనవసరంగా కోశారేమో’ అన్న అనుమానం నన్ను ఒక్కరోజు కూడా పట్టలేదు. నాకు తెలిసిన ఎంతోమంది స్త్రీలు ఆ అనుమానాన్ని సంవత్సరాల తరబడి మోస్తున్నారు. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు, కొందరి విషయంలో కాకపోవచ్చు. ఎవరూ వారికి చెప్పలేదు, వారిని ఎవరూ అడగనివ్వలేదు. వారం కిందట ఆగవచ్చని చెప్పిన డాక్టరే ఇప్పుడు ఆగకూడదన్నారు కాబట్టి నేను ఆ మాటను పూర్తిగా నమ్మగలిగాను.

పాప పుట్టిన కొత్తలో నేను ఈ తరగతిని అడిగినవారందరికీ మారుమాట లేకుండా సిఫారసు చేశాను. ఇప్పుడు కొన్ని మాటలు చేర్చవలసి ఉంది. శ్వాస అభ్యాసాలు తొలి నొప్పుల్లో బాగా ఉపకరించాయి గాని, నొప్పులు దగ్గరపడిన తర్వాత నాకు ఊరటనిచ్చింది నడుము మీద నర్సు అదిమిన చేయే. చూపించిన వీడియోల్లో విశాలమైన గది, వెచ్చని నీటి తొట్టె, పక్కన భర్త కనిపిస్తారు. మన ప్రసూతి వార్డుల్లో మంచాలు పక్కపక్కనే ఉంటాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక తోడు స్త్రీని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే నిర్ణయించింది. ఏ ఆసుపత్రిలోనైనా ఎవరిని, ఏ దశ వరకు లోపలికి పంపుతారో ముందుగానే కనుక్కోవాలని తరగతిలో చెప్పి ఉండవలసింది.

అన్నిటికంటే పెద్ద లోపం సిజేరియన్ పాఠం. సగానికి దగ్గరగా ఆపరేషన్లు జరిగే రాష్ట్రంలో దానికి కేటాయించిన సమయం చాలా తక్కువ. కుట్లతో మంచం మీద నుంచి పక్కకు ఒరిగి ఎలా లేవాలి, కుట్లపై బరువు పడకుండా బిడ్డను చంక కింద పట్టుకుని పాలెలా ఇవ్వాలి, మత్తు వదిలే వేళ వచ్చే వణుకు ఎందుకు అన్నవి నాకు ఆసుపత్రిలోనే తెలిశాయి. బాలింత పథ్యం సంగతి కూడా అంతే. కూరగాయలు, పప్పు, పెరుగు అన్నీ తినవచ్చని, నీళ్లు బాగా తాగాలని ఒక్క వాక్యంలో చెప్పి ముగించారు. నీళ్లు తాగితే కుట్లకు చీము పడుతుందని గట్టిగా నమ్మే బంధువుల ముందు ఆ ఒక్క వాక్యం నిలవదు.

రెండో గర్భంలో ఆ కాగితం మీద నేను కొత్త ప్రశ్నలు చేర్చుకున్నాను. పాత కోత ఏ రకమైనది? ఈసారి మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చా? రాత్రిపూట కూడా మత్తు డాక్టరు, రక్తం, ఆపరేషన్ గది అందుబాటులో ఉంటాయా? గర్భసంచి కింది భాగంలో ఒకే అడ్డకోత ఉన్నవారు ప్రయత్నిస్తే ఎక్కువమందికి మామూలు కాన్పు అవుతుందని, పాత కోత విడిపోయే ప్రమాదం నూటికి ఒకరి కంటే తక్కువేనని, కాని అది జరిగితే తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయమని డాక్టరు దాపరికం లేకుండా చెప్పారు. మేము చూపించుకునే చోట రాత్రివేళ మత్తు డాక్టరు బయటి నుంచి రావాలి. వేరే పెద్ద ఆసుపత్రికి మారే వీలున్నా, చిన్నపాపతో ఆ తిరుగుడు వద్దనుకుని ముందుగా నిర్ణయించిన ఆపరేషన్‌నే ఎంచుకున్నాను. మరొకరు నా స్థానంలో వేరే నిర్ణయం తీసుకుంటే అది కూడా సరైనదే కావచ్చు.

తేదీ అనగానే ముహూర్తం వచ్చింది. మా అత్తగారివైపు పెద్దలు పంచాంగం చూసి మంచి నక్షత్రం ఉన్న రోజును నిశ్చయించారు. లెక్క వేస్తే అప్పటికి 38 వారాలే నిండుతాయి. వైద్యపరమైన కారణం లేనప్పుడు 39 వారాలు నిండకముందే ఆపరేషన్ చేస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆ సంగతి నేను చెప్పబోయేలోపే అమ్మ తన చిన్న పుస్తకం తెరిచి, ‘అత్యవసరమా, ఆగితే ఏమవుతుంది అని అడగమన్నారు వదినా, వారం ఆగితే బిడ్డకే మంచిదంట’ అని మా అత్తగారితో అంది. పెద్దల మాటకు ఎదురు చెప్పినట్టు ఎవరికీ అనిపించలేదు. 39 వారాలు నిండిన తర్వాతి రోజుల్లోనే మంచి ఘడియ చూడమని పురోహితులను అడిగారు, ఆయన చూసి చెప్పారు. ఇద్దరు పెద్దావిడల మధ్య నెమ్మదిగా జరిగిన ఆ సంభాషణ ఈ తరగతి ఇచ్చిన ఫలితాల్లో నేను ఏమాత్రం ఊహించనిది.

ఇంత చెప్పినా, అందరినీ చేరమని అనలేను. మా డాక్టరు ఓపికగా జవాబు చెప్పే మనిషి. మా ఇల్లు ఆసుపత్రికి దగ్గర. నా భర్తకు సెలవు దొరికింది. అమ్మకు చదువు వచ్చు, చిత్తూరు నుంచి వచ్చి ఉండే వీలూ ఉంది. ఉదయం నుంచి వరుసలో నిలబడి, రెండు నిమిషాలు మాత్రమే డాక్టరు ఎదుట కూర్చోగలిగిన తల్లికి ఆ ప్రశ్నలన్నీ అడిగే అవకాశం దొరకదు. అటువంటివారు అత్యవసరమా అన్న పెద్ద అక్షరాల ప్రశ్న, ఆగితే ఏమవుతుందన్న ప్రశ్న, ఈ రెండైనా అడిగితే ప్రయోజనం ఉంటుందని అనుకుంటున్నాను. ప్రమాద సూచనలు ఎలాగూ అంగన్‌వాడీలోనో ఆరోగ్య కేంద్రంలోనో ఉచితంగా ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో బొమ్మలతో సహా ఉన్నాయి. వాటి కోసం రుసుము కట్టనవసరం లేదు.

చేరదలచినవారు అయిదో నెలలో బిడ్డ అవయవాలను పరిశీలించే టిఫా స్కాన్ అయిన తర్వాత చేరితే సాధనకు సమయం దొరుకుతుంది. సీమంతం తర్వాత పుట్టింటికి వెళ్లిపోయేవారు, కాన్పుకు దగ్గరుండే పెద్దావిడ రాలేనివారు కొంచెం ఆలోచించుకోవాలి, ఎందుకంటే నా విషయంలో సగం పని చేసింది అమ్మే. సిజేరియన్ గురించి, ఆ తర్వాత కోలుకోవడం గురించి ఎంతసేపు చెబుతారో డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోండి. నేను వెళ్లిన తర్వాత ఆ పాఠం పెంచారని ఒక స్నేహితురాలు చెప్పింది గాని, నేను స్వయంగా చూడలేదు.